సీతమ్మ సంపెంగ

ఏప్రిల్ 11, 1989, మంగళవారం

మద్దివాగు గ్రామ కాపురస్తులకు, వారి గొడ్డూగోదకు, ముఖ్యంగా మా ఇంటి ఎర్రపుంజుకు సమ్మయ్య అను నేను జారీ చేయు హుకుం: ఈ రోజు మొదలు నా సైకిల్ సీటు మీద ఏ ప్రాణీ నిద్రించరాదు. నా నశ్యం డబ్బీ మూత తీసి ఎవరూ తుమ్మి చూడరాదు. నా భార్య జంపక్క ఈ పుస్తకాన్ని పొయ్యి ముట్టించడానికి వాడరాదు. అతిక్రమించిన వారిని ఏం చేయాలో ఇంకా ఆలోచించలేదు.

ఎరువుల కొట్టులో ఊరికే ఇచ్చిన పోయినేటి డైరీ ఇది. వారాలు కొట్టేసి మళ్లీ రాసుకుంటున్నాను. ఏడో తరగతి తప్పినోడికి డైరీ ఎందుకని జంపక్క అడిగింది. పాసైనవాళ్లు ఏం రాస్తున్నారో తెచ్చి చూపించమన్నాను.

ఇక అసలు కోపం. నవమికి భద్రాచలం, పర్ణశాల పోయే బస్సులన్నీ లాలు చాయ్ కొట్టు దగ్గర ఆగుతున్నాయి. పెద్దమ్మకు ఆశ పుట్టింది. మా నేలసంపెంగలు ఎప్పుడూ చావులకే పోతాయి. చుట్టుపక్కల ఏ ఊళ్లో ఎవరు పోయినా మా గడప తొక్కుతారు. ఒక్కసారైనా రాముడి మెడలోకి పోతే బాగుండునని దండలు కట్టి, తడిగుడ్డ కప్పి, గంప పట్టుకుని బస్సు దగ్గర నిలబడింది. పట్టుచీర కట్టిన ఒకామె కిటికీలోంచి చూసి, "ఛీ, శవాల మీద వేసే పూలు! పిల్లల దగ్గరికి తేకు ముసలమ్మా" అంది. ఎంత మాట!

పెద్దమ్మ తడిగుడ్డ మళ్లీ కప్పింది. గుడ్డ కప్పాక అంచులు సర్దింది. సర్దిన అంచులే మళ్లీ సర్దింది.

నా ఒళ్లు మండిపోయింది. మా అమ్మ పోతే నన్ను పెంచింది మా అమ్మ అక్క ముత్తక్క. మీసాలు రాని మొగుణ్ణి పాము కరిచిననాడు ఆమె తలలోంచి పువ్వు తీసేశారు. మళ్లీ పెట్టుకోలేదు. రాజమండ్రి పుష్కరాలకు పోయినప్పుడు అందరూ గోదావరి నీళ్లు తెచ్చుకుంటే, ఈమె కడియం తోటల్లో అడుక్కుని కొంగులో నేలసంపెంగ గడ్డలు తెచ్చింది. వాగు ఒడ్డున మడి చేసింది. అప్పటినుంచి తెల్లారకముందే మొగ్గలు కోయడం, దండలు గుచ్చడం, ఊరివాళ్ల శవాలను వాసన రాకుండా పంపించడం. అలాంటి మనిషిని "తేకు" అంటుందా?

నేను బస్సు మెట్టెక్కాను.

"అమ్మా, శవాల పూలు అన్నవ్ గదా, గా మాట మళ్లా అనకు. ఇది సీతమ్మ సంపెంగ. తల్లి అడవికొచ్చినంక జడలకు పూలు దొరకలే. పొద్దుగాల తెంపినయి పొద్దుగూకేసరికి వాడిపాయె. రాముడు వేటకెళ్లి ఇంటికొచ్చే యాళ్లకు తలల పువ్వు లేకపోతె ఎట్ల? తల్లి తన జడలకెళ్లి ఒక్క వెంట్రుక తీసి మట్టిల పాతింది. అండ్లకెళ్లి లేచిన కాడ ఇది. చూడు, జడ లెక్క పొడుగు. పగలు వాసన ఇయ్యది. రాముడొచ్చే యాళ్లకే ఇస్తది. మా తాతమ్మకు వాళ్ల తాతమ్మ చెప్పింది."

బస్సంతా చేతులు చాపింది. పట్టుచీర ఆమె రెండు దండలు తీసుకుని కళ్లకద్దుకుంది.

బస్సు కదిలాక లాలు గ్లాసులు కడుగుతూ, "సమ్మన్నా, గీ కథ నాకెన్నడు చెప్పకపోతివి?" అన్నాడు.

"నాకే ఇప్పుడు తెలిసింది తమ్మీ" అన్నాను.

పెద్దమ్మ మాత్రం ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని, "దేవుని మీద అబద్ధం ఆడితివి కదరా" అంది. కోపంగా అనలేదు.


ఏప్రిల్ 12

ఈరోజు ఒక బస్సులోంచి, నేను నోరు తెరవకముందే, "సీతమ్మ సంపెంగ మీ దగ్గరేనా?" అని అడిగారు. నవ్వు ఆపుకోలేక లాలు కొట్టు వెనక్కి పరుగెత్తాను.


ఏప్రిల్ 16

దొంగతనం జరిగింది. ఠాణాలో రాయించుకోరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మా రామాలయం అయ్యగారు నన్ను పిలిచి, అరుగు మీద కూర్చోబెట్టి, కళ్లు మూసుకుని నాకే చెప్పాడు నా కథ! వెంట్రుక ఉంది. మట్టి ఉంది. పైగా లక్ష్మణుడు చెంబుతో నీళ్లు పోశాడట. లక్ష్మణుణ్ణి నేను పెట్టలేదు. అయ్యగారు పెట్టాడు. బాగానే పెట్టాడు, అది వేరే సంగతి.

"ఇది మా తాతగారు చెప్పేవారు సమ్మయ్యా. ఇన్నాళ్లకు బయటికొచ్చింది" అన్నాడు.

"అయ్యగారూ, బస్సుకాడ చెప్పింది నేను."

"నీ నోట స్వామి పలికించాడు."

అంటే కష్టం నాది, పేరు స్వామిది, తాత ఆయనది. ఇంటికొచ్చి చెబితే జంపక్క విరగబడి నవ్వింది. "నీ అబద్ధానికి గూడ దొంగలు పడ్డరంటె నువ్వు పెద్దోనివైనట్టే" అంది.


ఏప్రిల్ 22

వెంకటరామారావు వచ్చాడు. తునికాకు కంట్రాక్టరు, మా గుడి కమిటీ చైర్మను. ఏలూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. తెల్ల చొక్కాకు ఎప్పుడూ మట్టి అంటదు. ఎందుకు అంటుకుంటుంది, మట్టిలో పనిచేసే చేతులు వేరేవాళ్లవైనప్పుడు?

"ఏమయ్యా సమ్మయ్యా, సీతమ్మవారి పూలు మీ పెరట్లో ఉంటే ఏం బాగుంటుంది? గుడి ముందర మడి చేయిస్తున్నాం. గడ్డలు పంపించు."

అడగడం కాదు, చెప్పడం. పెద్దమ్మ గడపలో కూర్చుని దండ గుచ్చుతోంది. ఆమె వైపు తల తిప్పనైనా లేదు ఆయన. మడి చేసింది ఎవరో, గడ్డ తెచ్చింది ఎవరో ఒక్క మాట లేదు.

సరే పంపిస్తానన్నాను. పంపించాను.

నేలసంపెంగకు ఒక గుణం ఉంది. ఒకసారి పూసిన గడ్డ మళ్లీ పూయదు. దాని పక్కన పుట్టిన పిల్లగడ్డలే పూయాలి. ఇది పెద్దమ్మకు తెలుసు, నాకు తెలుసు. పిల్లగడ్డలన్నీ విరిచి మా మడికి ఉంచుకుని, పూసి అలిసిపోయిన తల్లిగడ్డలు గోనెసంచి నింపి గుడికి మోసుకుపోయాను. మంత్రాలు చదివి నాటారు. వెంకటరామారావు మొదటి గడ్డ తన చేత్తో పెట్టి, చేతులు కడుక్కుని, ఫొటో దిగాడు.

నేను చప్పట్లు కొట్టాను. అందరికంటే గట్టిగా.


మే 9

గుడి ముందు బోర్డు పెట్టారు. 'సీతమ్మ సంపెంగ వనము. ఇచ్చట అమ్మవారి కేశము నాటబడినది.' కింద చైర్మను పేరు. నా పేరు ఎక్కడుందో వెతికాను. బోర్డు వెనక కూడా చూశాను.


జూన్ 24

వాన. గుడి మడిలో ఆకులు ఏపుగా లేచాయి. ఒట్టి ఆకులు. పొద్దునపోయి చూసి, ఏమీ ఎరగనట్టు ముఖం పెట్టుకుని వచ్చాను.


జూలై 28, శుక్రవారం

డప్పు చాటింపు.

"సీతమ్మ సంపెంగ మడి నాటి మూడు నెలలు దాటినా పూత రానందున, ఇందుకు కారణం ఆ పుష్పాలు శవాల మీద వేసే అపచారమని పెద్దలు తేల్చినందున, ఇకమీదట ఈ ఊళ్లో ఏ శవం మీద గాని, పాడె మీద గాని ఆ పూలు పెట్టరాదు. పెట్టిన ఇంటి పాడె ఊరివాళ్లు ఎత్తరు. హో!"

నేను అరుగు మీద కూర్చుని ముఖం గీసుకుంటున్నాను. గడ్డం తెగింది.

ఆ మడి పూయకపోవడానికి కారణం నాకు తెలుసు. గోనెసంచి మోసింది నేను. కానీ ఇదేం న్యాయం? గడ్డ పూయకపోతే గడ్డను తవ్వి చూడాలి, శవాన్ని కాదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. ఒక్కరికైనా తవ్వి చూడాలని బుద్ధి పుట్టలేదు. ఇంతమంది పెద్దలున్నారు, ఒక్క పార లేదా?

మొన్న చాకలి ముసలాయన పోతే వాళ్ల కోడలు మా గడప దాకా వచ్చి, పూల వైపు చూసి, చేతులు జోడించి వెనక్కి పోయింది. బంతిపూలు వేశారు. వానాకాలం శవం. పాడె మోసినవాళ్లకు వాసన తెలిసింది.

పెద్దమ్మకు జ్వరం. చాటింపు ఆమె కూడా వింది. "నా పూలతోటి ఏం తప్పు జరిగిందిరా?" అని అడిగింది.

ఏమీ జరగలేదన్నాను.


ఆగస్టు 2

దవాఖానాకు తీసుకుపోయాను. సూది వేశారు. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందట. కొత్తగూడెం పెద్ద దవాఖానాకు పొమ్మన్నారు. పెద్దమ్మ రానంటే రానంది. "మొగ్గలు ఎవలు కోస్తరు?" అంది. నేను కోస్తానన్నాను. "నువ్వు కోస్తె కాడ విరుస్తవు" అంది. మనిషి సగమైపోయింది, నోరు మాత్రం పూర్తిగా ఉంది.


ఆగస్టు 6, ఆదివారం

ఈ సాయంత్రం పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. మడి మీది నుంచి గాలి వస్తోంది. పూలు అప్పుడే విచ్చుకుంటున్నాయి.

"సమ్మీ, ఊరందరికి నేనే కట్టిన దండలు. నా తలల ఒక్కటి పెట్టుకోలే. నేను పోయినప్పుడు ఒంటినిండ నా పూలే కప్పు. అప్పుడు ఎవడు అడ్డమొస్తడో చూస్త" అంది.

అంది. స్పష్టంగా అంది.

నేను సరే అన్నాను. తలుపు దగ్గరికి వేసి, అరుగు మీదికి వచ్చి, వెలుతురు ఉండగానే రాసి పెట్టుకుంటున్నాను.


ఆగస్టు 11, శుక్రవారం

పుట్టి ఇన్నేళ్లయింది, ఈరోజు నిజం చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

గుడి మండపంలో కమిటీ కూర్చుంది. వెంకటరామారావు, అయ్యగారు, ఇంకా ఊపడానికి ఉన్న తలలు. నేను చెప్పులు విడిచి నిలబడ్డాను.

"అయ్యగారూ, చైర్మన్‌ గారూ, సీతమ్మ వెంట్రుక కథ ఉన్నది జూడు, అది నేను అల్లిన. బస్సుకాడ, అప్పటికప్పుడు. మా తాతమ్మ చెప్పలే. మా తాతమ్మకు రాముని పేరు తప్ప ఏం తెల్వదు."

ముందు వెంకటరామారావు నవ్వాడు. ఆయన నవ్వితే మిగతావాళ్లు నవ్వారు.

"నువ్వు మహా తమాషా మనిషివి సమ్మయ్యా. మొన్న ఫారెస్టు గార్డుకు ఎలుగుబంటి పిల్ల దొరికిందని చెప్పి గోనెసంచిలో మీ కుక్కపిల్లను ఇచ్చావు. ఇప్పుడిదా?"

"ఇది తమాషా కాదు సార్. ఒట్టు."

"ఇంత కథ నీకు అల్లొస్తుందిటయ్యా? ఏడో తరగతి తప్పినవాడివి!"

అయ్యగారు చెయ్యెత్తి ఆశీర్వదించినట్టు పెట్టాడు. "మా తాతగారు చెప్పేవారని నేనే అంటున్నా కదా. ఇక నువ్వు కాదనడమేంటి? తప్పు నాయనా. లెంపలేసుకో."

లెంపలేసుకున్నాను! నా కథను నేను అల్లినందుకు, ఆ అయ్యగారి ముందు!

"సరే సార్, గడ్డల సంగతన్న ఇనుండ్రి. పూసిన గడ్డలు పంపిన. అవి పూయవు. ఒక్కటి తవ్వి చూడుండ్రి."

"దేవుడి మడిలో పార పెడతావా?" అని అయ్యగారు లేచాడు.

అప్పుడు అడగాల్సింది అడిగాను. "మా పెద్దమ్మ పాణం మీదున్నది. ఒంటినిండ పూలు కప్పుమని నా చేతుల చెయ్యేసి అడిగింది. ఆమె తెచ్చిన పూలు సార్ అవి. ఆమె ఒక్కదానికి..."

"ఒక్కదానికి అంటే అందరికీ అంటారు" అన్నాడు వెంకటరామారావు. గొంతు మెత్తగానే ఉంది. అదే నాకు ఎక్కువ కాలింది. "ఆవిడ మీద నాకూ గౌరవమే. బంతిపూలు నేను తెప్పిస్తా, ఎన్ని కావాలంటే అన్ని. కానీ సంపెంగ వేస్తే పాడె ఎత్తడానికి మనిషి రాడు. నలుగురు లేకుండా ఎలా తీసుకెళ్తావు?"

బంతిపూలు తెప్పిస్తాడట.

నలభై ఆరేళ్లుగా అబద్ధాలాడితే ఈ ఊరు నమ్మింది. నిజం ఒక్కసారి చెబితే లెంపలేయించింది. థూ.


ఆగస్టు 12

ఇంకా మండుతోంది.


ఆగస్టు 24, గురువారం

నిన్న మధ్యాహ్నం పెద్దమ్మ పోయింది. గంజి తాగి, మూతి తుడవమంది. జంపక్క తుడిచేలోపే పోయింది.

నేను ఏడవలేదు. కత్తి తీసుకుని మడిలోకి పోయాను. ఉన్నవన్నీ కోశాను. విచ్చినవి, విచ్చనివి, పసరుమొగ్గలు కూడా. కాడలు విరిగాయి. ఆమె చెప్పినట్టే విరిగాయి. చాప పరిచి, పడుకోబెట్టి, పాదాల నుంచి గుండె దాకా కప్పాను. జంపక్క చూస్తూ నిలబడింది. వద్దనలేదు, కప్పమనలేదు.

జనం వచ్చారు. గడప దగ్గర ఆగారు. లోపలికి ఎవరూ రాలేదు, ఒక్క లాలు తప్ప. పాడె కట్టడానికి వెదురు తెచ్చినవాళ్లు వెదురు గోడకు ఆనించి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. వెంకటరామారావు వచ్చాడు, అయ్యగారు వచ్చి వీధిలోనే నిలబడ్డాడు. బుట్టనిండా బంతిపూలు కూడా వచ్చాయి. మాట తప్పడు, అదొకటి ఉంది ఆయనలో.

"తీసెయ్యి సమ్మయ్యా" అన్నాడు. "తీసేస్తే ముందు నేనే భుజం పడతా."

ఒక్క క్షణం నా చెయ్యి కదిలింది కూడా. పొద్దు వాలుతోంది. ఇంకాసేపటికి శవం లేవకపోతే తెల్లారేదాకా ఉండాలి. నేనూ, లాలూ ఇద్దరమే. ఇద్దరితో పాడె లేవదు.

సరిగ్గా అప్పుడే పూలు విచ్చుకోవడం మొదలైంది. కోసినా కూడా వాటి వేళ వస్తే విచ్చుకుంటాయి. వాసన గడప దాటి వీధిలోకి పోయింది. జనం మాటలు తగ్గాయి.

నిజం ఈ ఊళ్లో చెల్లదు. చెల్లేది ఏదో నాకు తెలుసు. నేను గడపలోకి వచ్చి, తలకు చుట్టుకున్న తువ్వాల తీసేశాను.

"అయ్యగారూ, మొన్న లెంపలేసుకున్న కదా. అవ్, కథ నాది కాదు. మా తాతమ్మదే. కాని ఆమె చెప్పింది రెండు ముక్కలు. మీ తాతగారు గూడ రెండో ముక్క చెప్పే ఉంటరు, యాద్ చేసుకోండ్రి. రావణుడు తల్లిని ఎత్తుకపోయినంక ఆ మడికి నీళ్లు పోసెటోళ్లు లేకపాయె. అడవిల ఒక ముసలవ్వ ఉండె. మొగుడు పోయినామె. తలల పువ్వు పెట్టుకునే రాత లేనామె. రోజూ వాగుకెళ్లి నీళ్లు మోసి పోసింది. ఒక్క పువ్వు తెంపుకోలె. రాముడు తిరిగొచ్చి చూస్తె మడి పచ్చగున్నది, పక్కన ముసలవ్వ పాణం పోయున్నది. రాముడే తన చేతులతోటి ఉన్న పూలన్ని కోసి ఆమె మీద కప్పిండు. బతికున్నన్ని రోజులు పెట్టుకోనోళ్లకు పోయినంక ఈ పువ్వు మీద మొదటి హక్కు అన్నడు. గట్ల కప్పని ఊళ్లె ఈ గడ్డ పూయదని గూడ అన్నడు."

ఆఖరి ముక్క మాట్లాడుతుండగా పుట్టింది. నేనే ఉలిక్కిపడ్డాను.

అయ్యగారు కళ్లు మూసుకున్నాడు. గుడి ముందు ఒట్టి ఆకులు ఆయన కళ్లలో మెదులుతున్నాయని నాకు తెలుసు. కళ్లు తెరిచి, "అవును. శబరి వంటిదే ఆ తల్లి కూడా. తాతగారు అనేవారు" అన్నాడు.

ఎంత మంచి తాత! ఎప్పుడు ఏది కావాలంటే అది చెప్పి పోయాడు.

అయినా ఎవరూ గడప దాటలేదు. అందరూ చైర్మను ముఖం చూస్తున్నారు. ఆయన అయ్యగారి ముఖం చూస్తున్నాడు. అప్పుడు ఆడవాళ్లలోంచి వెంకటరామారావు అక్క సుబ్బాయమ్మ బయటికి వచ్చింది. ఆమె తమ్ముడింట్లోనే ఉంటుంది. ఇన్నేళ్లలో నేను ఆమె గొంతు విన్నది తక్కువ. తెల్లచీర, బోడి మెడ.

"అక్కా, ఆగు" అన్నాడాయన.

"నువ్వాగరా" అంది.

లోపలికి వచ్చి, పెద్దమ్మ పక్కన కూర్చుని, చెదిరిన పూలు సర్దింది. నేను పాదాల నుంచి గుండె దాకానే కప్పాను. ఆమె నాలుగు పూలు తీసి పెద్దమ్మ నెరిసిన ముడిలో పెట్టింది. నాకు ఆ ఆలోచనే రాలేదు. లేస్తూ లేస్తూ ఒక పువ్వు తన కొంగుకు ముడేసుకుంది. దాచిపెట్టి కాదు, అందరికీ కనిపించేటట్టే.

తరువాత వెంకటరామారావు చొక్కా చేతులు మడిచాడు. ముందు భుజం ఆయనే పట్టాడు. దారిలో వాన తుంపర పడింది. ఆ తెల్ల చొక్కాకు మట్టి అంటడం నేను మొదటిసారి చూశాను. సంతోషం కలగాల్సింది. కలగలేదు.


సెప్టెంబర్ 3

పదోరోజు అయిపోయింది. జంపక్క అంట్లు తోముతూ వెనక్కి తిరగకుండా అడిగింది.

"పెద్దమ్మ నీతో ఎప్పుడన్నది, పూలు కప్పుమని?"

"ఆ ఆదివారం. చెయ్యి పట్టుకోని."

"నేను గడపకాడనే కూసొని బియ్యం ఏరుతున్న. నాకినపళ్లే."

"నీకు ఏదినపడ్డది గనక? పొయ్యిమీద పాలు పొంగినా ఇనపడదు."

ఆమె గిన్నె బోర్లించింది. మొగుడి మీద నమ్మకం లేని ఆడదానితో ఎట్లా వేగాలి? పెద్దమ్మ అన్నది. అన్నది అంటే అన్నది. తారీకు వేసి రాసుకున్నాను కూడా.


సెప్టెంబర్ 10

తెల్లవారుజామున, అయ్యగారు లేవకముందే, గుడి మడిలో చచ్చుగడ్డలు కొన్ని పెరికి, మా మడి నుంచి పిల్లగడ్డలు, కాడ వేసినవి, మట్టి పెళ్లతో సహా పెట్టి వచ్చాను. కథకు సాక్ష్యం కావాలి కదా. లేకపోతే నెల తిరక్కుండా మళ్లీ చాటింపు వేస్తారు ఈ పుణ్యాత్ములు.


సెప్టెంబర్ 27, బుధవారం

గుడి మడి పూసింది. అయ్యగారికి కన్నీళ్లు వచ్చాయి. చాటింపు రద్దయింది. బోర్డు కింద ఇంకో వరుస రాయించారు, ముసలవ్వ గురించి. పేరు మాత్రం రాయలేదు. ముత్తక్క అని రాయమని అడిగితే, "పురాణంలో పేరు లేదు కదయ్యా" అన్నాడు వెంకటరామారావు. పురాణం నాది, పేరు నేను చెబుతున్నాను, లేదంటాడు! నాకింకా ఒళ్లు మండుతూనే ఉంది, చల్లారిందని ఎవరూ అనుకోకూడదు.

సాయంత్రం సుబ్బాయమ్మ మా మడి దగ్గరికి వచ్చింది. గట్టు మీద నిలబడి, "సమ్మయ్యా, మీ పెద్దమ్మ అదృష్టవంతురాలయ్యా. నోరు తెరిచి అడిగింది. నాకైతే అడగటానిక్కూడా నోరు రాలేదు ఇన్నేళ్లూ. ఆవిడ అడిగిందని తెలిశాకే నా కాళ్లు గడప దాటాయి" అంది. తలలో పువ్వు ఉంది. ఒకే ఒక్కటి, చెవి వెనక.

నేను అవునన్నాను. అదృష్టవంతురాలే అన్నాను. ఆమె పోయింది.

పెద్దమ్మ మంచం ఇంకా అక్కడే ఉంది. దాని మీద కూర్చుని రాస్తున్నాను. తలుపు తెరిచే ఉంది. వాసన లోపలికి వస్తోంది.

ఈ పుస్తకం ఎవరూ చదవరు. జంపక్కకు చదువు రాదు, పుంజుకు అంతకంటే రాదు. కాబట్టి రాస్తున్నాను. ఆగస్టు ఆరో తారీకున నేను రాసింది అబద్ధం. చెయ్యి పట్టుకోలేదు. ఒంటినిండా పూలు కప్పమనలేదు. ఎవడు అడ్డమొస్తాడో చూస్తాననీ అనలేదు. ఆ మాటలన్నీ అరుగు మీద కూర్చుని నేనే అల్లాను, వెలుతురు ఉండగానే. ఆమె అడగాలని నాకుండింది. ఆమె అడగకపోతే నేనెవరి తరఫున కొట్లాడాలి?

ఆ సాయంత్రం పెద్దమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఒక్కటే మాట అంది.

"సమ్మీ, ఆ తలుపు దగ్గరికెయ్యి. వాసనొస్తున్నది."

వేశాను. ఎందుకు వేయమందో అడగలేదు.